సముద్రం లేని చోట గవ్వలు

శంషాబాద్‌లో సముద్రం లేదు, ఓడలు రావు. 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయం వెలసింది. ఇప్పుడు దేశదేశాల విమానాలు వచ్చి వాలుతున్నాయి. ఆ చుట్టుపక్కల తండాలలో పండుగనాడు లంబాడీ స్త్రీలు కట్టుకునే బట్టలు చూడండి. అద్దాల పక్కన సముద్రపు గవ్వలు కుట్టి ఉంటాయి. సముద్రానికి ఇంత దూరాన ఈ గవ్వలేమిటి?

ఇది తెలియాలంటే గోల్కొండ సుల్తానుల కాలానికి పోవాలి. అప్పుడు మచిలీపట్నం పెద్ద రేవు. టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 1652లో అక్కడ ఓడ దిగాడు. అతడు తన యాత్రల గురించి రాస్తూ ఒక వింత చెప్పాడు. బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుంటూ 10,000, 12,000 ఎద్దులు ఒకే బారుగా పోయేవట! ఇరుకు దారిలో అవి ఎదురైతే, బండి మీద పోయేవారు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట.

ఆ ఎద్దులను తోలినవారు బంజారాలు. మన వైపు వారినే లంబాడీలంటారు. అప్పట్లో మంచి రోడ్లు లేవు. బండి పోలేని చోటికి కూడా ఎద్దు పోగలదు. దారి పొడుగునా పచ్చిక మేస్తుంది గనక మేత ఖర్చు లేదు. సముద్రతీరపు ఉప్పు ఈ విధంగా లోపలి ఊళ్ళ వంటిళ్ళకు చేరేది. ఆలుబిడ్డలు కూడా వెంట నడిచేవారు. ఆ బిడారు పేరే తండా. ఇక గవ్వలు మాల్దీవుల నుంచి ఓడలలో వచ్చి, కొన్ని ప్రాంతాలలో చిల్లర డబ్బుగా చెల్లేవి. ఊరూరా తిరిగే వర్తకుల ఇంటి ఆడవారి బట్టల మీదికి అవి చేరడంలో ఆశ్చర్యమేమున్నది?

తరవాత రైళ్ళు వచ్చాయి. 1874లో సికిందరాబాదుకు రైలుమార్గం పడింది. క్రమంగా ఎద్దులకు పని పోయింది. అంతకు ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. దాని కింద ఎన్నో సంచార జాతులవారికి పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర పడింది. బంజారాలలో కొన్ని తెగలకు కూడా ఆ గతి తప్పలేదు. ఊళ్ళకు ఉప్పు అందించినవారికి దక్కిన ఫలం అది! స్వతంత్రం వచ్చాక, 1952లో ఆ చట్టం రద్దయింది. నడిచే తండా నిలిచి ఊరయింది. 2018లో తెలంగాణలో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి.

లంబాడీల భాష గోర్ బోలి. దానికి సొంత లిపి లేదు. అవ్వ చెప్పగా మనుమలు వింటేనే అది బతుకుతుంది. పిల్లలూ, మీ తరగతిలో తండా నుంచి వచ్చినవారు ఎవరైనా ఆ భాష మాట్లాడితే నవ్వకండి. ఉప్పును ఏమంటారో, ఎద్దును ఏమంటారో అడిగి నేర్చుకోండి. మీరే తండా పిల్లలైతే మీ అవ్వనడిగి, ఆ మాటలు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఎద్దుల వెంట ఎన్నో తరాలు నడిచి వచ్చిన మాటలవి.