మర్రి నీడల రోడ్డుపై సాయంత్రపు సవారీలు

చేవెళ్ల: వేసవి వచ్చిందంటే జంటనగరాల మోటారు సైకిలు బృందాల చూపు పడమటి దిక్కుకు మళ్లుతుంది. ఆదివారాల్లో, సెలవు దినాల్లో ఎండ కాస్త మెత్తబడగానే అయిదారు బళ్ల నుంచి ఇరవై బళ్ల దాకా ఒకచోట జమకూడతాయి. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడల మీదుగా వికారాబాద్ చేరి, అక్కడి నుంచి అనంతగిరి కొండలెక్కడం పరిపాటి అయింది. రాజధాని నుంచి దూరం సుమారు 80 కిలోమీటర్లు. పొద్దు కుంకే వేళకు కొండ మీదికి చేరి, టీ తాగి, చల్లగాలి పీల్చుకుని, చీకటి పడ్డాక తిరుగు ముఖం పడతారు.

ఈ సరదాను తప్పుపట్టవలసిన పని లేదు. వారమంతా నాలుగు గోడల మధ్య పనిచేసే కుర్రకారుకు ఇంత దగ్గరలో ఇంతటి పచ్చదనం వేరొక దిక్కున దొరకదు. మూసీ నది పుట్టింది ఈ అనంతగిరి కొండల్లోనే. అనంతపద్మనాభస్వామి ఆలయం, చుట్టూ అడవి, మెలికలు తిరిగిన దారి ఉన్నాయి. వీటన్నింటికంటె మించిన ఆకర్షణ, దారి పొడవునా రెండు పక్కలా కొమ్మలు కలుపుకుని నిలిచిన మర్రిచెట్లు. అప్పా జంక్షన్, మన్నెగూడల మధ్య ఇవి దాదాపు 900 ఉన్నాయి.

అయితే సవారీకి ఎంచుకున్న ఆ వేళే చిక్కు తెచ్చిపెడుతున్నది. పట్నం నుంచి వచ్చేవారికి అది విహార సమయం. ఊళ్లవారికి అది ఇంటికి చేరే సమయం. పొలాల నుంచి ట్రాక్టర్లు రోడ్డెక్కేది, పశువులు దారి దాటేది, తాండూరు, పరిగి బస్సులు కిక్కిరిసి పోయేది అప్పుడే. మర్నాటి మార్కెట్టుకు కూరగాయల మూటలు రోడ్డు పక్కకు చేరేదీ అప్పుడే. బృందం కంటికి ఖాళీగా కనిపించే రోడ్డు నిజానికి ఖాళీగా లేదు.

ఎండ కంట్లో, చీకటి వీపున

ఈ దారికి మరొక ప్రత్యేకత ఉంది. హైదరాబాద్ నుంచి వికారాబాద్ దాదాపు తిన్నగా పడమరకు ఉంటుంది. సాయంత్రం బయలుదేరిన బండికి చివరి గంటంతా వాలుతున్న సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. దానికి తోడు మర్రిచెట్ల కింద ఒక క్షణం నీడ, మరు క్షణం వెలుగు. ఈ మార్పుకు కన్ను వెంటనే సర్దుకోలేదు. నీడలో నిలిచిన ఎద్దుబండి గాని, నడిచిపోయే మనిషి గాని దగ్గరకు వెళ్లేదాకా తెలియదు.

మే నెలలో ఇక్కడ పొద్దుగూకేది 6.45 గంటల ప్రాంతంలో. కొండ మీద సూర్యాస్తమయం చూసినవారు తిరిగి వచ్చేది చీకట్లోనే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనిషి చూసి, గ్రహించి, బ్రేకు పట్టే లోపలే అంత దూరం గడిచిపోతుంది. ఆపైన బండి ఆగడానికి మరో 30 మీటర్లకు పైగా కావాలి. డిమ్ చేసిన లైటు అంత దూరాన్ని స్పష్టంగా చూపలేదు. ఎదుటి లారీ వెలుగు కళ్లలో పడితే చెప్పనే అక్కరలేదు. వేసవిలో ఉన్నట్టుండి వచ్చే గాలివాన మరొక గండం. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలి చినుకుతో కలిసి జారుడు పూతగా మారతాయి.

ఆఖరి బండి అవస్థ

గుంపుగా పోవడంలో మంచి ఉంది, చెడు ఉంది. ఒకరి బండి చెడితే పదిమంది ఆగుతారు. ఎదుటివారికి గుంపు దూరం నుంచే కనిపిస్తుంది. కాని ముందున్నవాడు ఒక లారీని దాటిపోతే వెనుకున్న ప్రతివాడూ దానిని దాటాలని చూస్తాడు. ముందు బండి 60 మీద నిలకడగా పోతుంటే, మధ్యలో చిక్కుబడిన ఆఖరి బండి ఆ ఎడం పూడ్చడానికి 80 మీద పరుగెత్తవలసి వస్తుంది. ఆఖరున ఉండేది తరచు కొత్తగా చేరినవాడే. అనుభవం తక్కువవాడు ఎక్కువ వేగంతో పోవలసి రావడం ఇందులోని అపాయం.

దేశం మొత్తం మీద లెక్క చూసినా ద్విచక్ర వాహనాల పరిస్థితి ఆందోళనకరమే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై పోయినవారే. హెల్మెట్ లేకుండా మరణించినవారు 50 వేల మందికి పైగా ఉన్నారు. బృందాలలో పోయేవారిలో హెల్మెట్ అలవాటు ఎక్కువ. అయితే వారు దాటిపోయే పల్లెల్లో పాత మోపెడ్ మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని పోయేవారి తలలకు ఏ రక్షణా లేదు. ఢీకొన్నప్పుడు ఎక్కువ నష్టపోయేది వారే.

చెట్లది నేరం కాదు

ఈ రోడ్డు చరిత్ర స్థానికులకు కొత్త కాదు. 2024 డిసెంబరు 2న ఆలూరు గేటు వద్ద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారి మీదికి లారీ దూసుకుపోయి పలువురు బలి అయ్యారు. 2025 నవంబరు 3 ఉదయం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని దాదాపు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండింటికీ మోటారు సైకిలు బృందాలతో సంబంధం లేదు. కాని ఇరుకు రోడ్డు మీద పొరపాటుకు చోటు ఎంత తక్కువో ఇవి చూపాయి.

46 కిలోమీటర్ల ఈ భాగాన్ని నాలుగు వరుసలుగా వెడల్పు చేసే పథకం మర్రిచెట్ల వివాదంతో హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి నిలిచిపోయింది. చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచి, కొన్నింటిని వేరొక చోటికి తరలించే పద్ధతిపై చివరకు ముడి వీడింది. రోడ్డు వెడల్పయితే ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదం తగ్గుతుంది. కాని వేగం పెరుగుతుంది. రోడ్డు దాటే పల్లె మనిషికి అది కొత్త గండం కాగలదు. కనుక చెట్లు పోతేనో, రోడ్డు పెరిగితేనో అంతా చక్కబడుతుందనుకోవడం పొరపాటు.

చేయదగినవి

బృందాల చేతిలో ఉన్న పని తక్కువేమీ కాదు. గంట ముందుగా బయలుదేరి, చీకటి పడకముందే చేవెళ్ల దాటి వెనక్కి వచ్చేస్తే సగం ముప్పు తప్పుతుంది. అనుభవజ్ఞుడు ముందు, మరొకడు అందరి వెనుక ఉండి, కొత్తవారిని ముందు బండి వెన్నంటే నడిపించడం మంచి పద్ధతి. పెద్ద గుంపును అయిదారు బళ్ల చొప్పున విడదీసి, బండికీ బండికీ రెండు సెకన్ల ఎడం పాటించాలి. దారి తప్పినవాడి కోసం తర్వాతి కూడలిలో ఆగుతారన్న భరోసా ఉంటే ఎవరూ పరుగెత్తనక్కరలేదు. రోడ్డు మీద పందాలు మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరమన్న సంగతి మరువరాదు.

అధికారుల బాధ్యత కూడా ఉంది. చెట్ల మొదళ్లకు రాత్రి మెరిసే గుర్తులు, ఊళ్ల మొగలో దీపాలు, కూరగాయలు అమ్ముకునేవారికి రోడ్డుకు ఎడంగా చోటు చూపాలి. ఇవి భారీ పథకాలేమీ కావు. ప్రమాదం జరిగినప్పుడు సాయపడితే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. 2019 సవరణ తర్వాత సదుద్దేశంతో సాయం చేసినవారికి చట్టం రక్షణ కల్పిస్తున్నదని పంచాయతీల ద్వారా చాటించాలి.

అనంతగిరి గాలి అందరిదీ. దానిని చేర్చే రోడ్డు మాత్రం ముందుగా దాని పక్కన బతికేవారిది. ఈ ఎరుకతో పోతే సాయంత్రపు సవారీ ఉభయులకూ సంతోషమే అవుతుంది. చేవెళ్లలో ఆగి నాలుగు కట్టల కూర కొనుక్కుని పోయే బృందాన్ని ఊరు కూడా ఆదరిస్తుంది.