ముఖం ఎక్కడ మొదలవుతుంది?

గత నెలలో ఒకనాడు అసర్ నమాజుకు ముందు యాకుత్‌పురాలోని మా మస్జిదు వుజూఖానాలో ఒక పెద్దాయన చాలాసేపు కూర్చుని ఉండటం గమనించాము. జర్దోజీ పనిలోనే జీవితమంతా గడిపిన మనిషి. ముఖం కడుగుతూ దోసిలి నీటిని మాటిమాటికీ నడినెత్తి దాకా పోసుకుంటున్నారు. కుర్తా భుజాలు తడిసి ముద్దయ్యాయి. ఇఖామత్ వినిపించినా లేవలేదు.

నమాజు అనంతరం వెళ్ళి పక్కన కూర్చున్నాము. “ఏమైంది చాచా?” అని అడిగితే ఇలా అన్నారు: “మౌలానా సాబ్, ముఖాన్ని వెంట్రుకలు మొలిచే చోటు నుండి గడ్డం కింది దాకా కడగాలని చిన్నప్పుడు మక్తబ్‌లో నేర్పారు. నాకు వెంట్రుకలు ఇప్పుడు నడినెత్తిన మొదలవుతున్నాయి. అంతవరకూ కడగాలన్న సంగతి ఈ మధ్యనే తట్టింది. మరి ఇరవై ఏళ్ళుగా చేసిన నా నమాజులు ఏమైనట్లు?” చివరి మాట దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది.

పక్కనున్న యువకులు నవ్వారు. కానీ ఇది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదు. అల్ మాయిదా సూరా 6వ ఆయతులో అల్లాహ్ ముఖాన్ని కడగమనీ, తలను తడిచేతితో తుడవమనీ ఆజ్ఞాపించాడు. ఒకటి కడగవలసిన అవయవం, మరొకటి మస్‌హ్ చేయవలసిన అవయవం. వాటి నడుమ సరిహద్దు ఎక్కడో తెలియకపోతే ఏ ఆజ్ఞ ఎక్కడ ముగుస్తుందో తెలియదు. అందుకే మన ధర్మవేత్తలు శతాబ్దాల క్రితమే బట్టతల గురించి శ్రద్ధగా చర్చించారు.

వారు ముగ్గురు వ్యక్తులను ఉదాహరణగా తీసుకున్నారు. తల ముందు భాగంలో జుట్టు రాలిపోయినవాడు అస్లా. కణతల పైన రెండు వైపులా జుట్టు వెనక్కి జరిగినవాడు అన్‌జా. నుదుటి మీదికి జుట్టు దిగి మొలిచినవాడు అగమ్. ఈ ముగ్గురికీ తమ తమ వెంట్రుకలే హద్దు అయితే ఒకరు నడినెత్తి దాకా కడగాలి, మరొకరు సగం నుదురు కడిగితే చాలు. హిజ్రీ 620లో మరణించిన ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మ) అల్ ముగ్నీలో ఈ విషయాన్ని స్పష్టం చేశారు. హద్దును నిర్ణయించేది ఒక్కొక్కరి జుట్టు కాదు, సాధారణంగా జనులకు జుట్టు మొలిచే చోటు. కనుక అస్లా ఆ చోటు వరకే కడగాలి. అగమ్ మాత్రం ఆ హద్దు దాటి కిందికి దిగిన జుట్టును కూడా కడగాలి.

హనఫీ గ్రంథం దుర్రుల్ ముఖ్తార్‌లో ఇదే విషయం మరొక విధంగా ఉంది. పూర్వ గ్రంథాలలోని ‘వెంట్రుకల అంచు’ అనే మాటకు బదులు అందులో ‘నుదుటి ఉపరితలం మొదలయ్యే చోటు’ అన్న మాట కనిపిస్తుంది. ఈ ముగ్గురికీ సమానంగా వర్తించాలనే ఆ మాటను ఎంచుకున్నట్లు అక్కడే వివరణ కూడా ఉంది. జుట్టు రావచ్చు, పోవచ్చు, నుదురు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కణతల పైన ఖాళీ అయిన మూలలు కూడా తలలో భాగమేనని ఇమామ్ నవవీ (రహ్మ) మొదలైనవారు పేర్కొన్నారు.

“అయితే నా పాత హద్దు ఎక్కడుందో తెలిసేదెలా?” అని చాచా అడిగారు. అద్దం ముందు నిలబడి కనుబొమలను పైకెత్తి చూడమని చెప్పాము. నుదుటి చర్మం కింద కనుబొమలను పైకి లాగే కండరం ఒకటి ఉంది. అది ముడుచుకున్నప్పుడు నుదుటిపై అడ్డంగా ముడతలు పడతాయి, నెత్తి చర్మం మాత్రం ముడత పడకుండా నున్నగానే ఉంటుంది. అన్నిటికంటే పై ముడతకు సుమారు ఒక వేలి వెడల్పు పైన, పెద్దవారిలో సాధారణంగా జుట్టు మొదలవుతుంది. మరొక కొలత కూడా ఉంది. గడ్డం నుండి ముక్కు కింది అంచు వరకు, అక్కడి నుండి కనుబొమల నడుమ వరకు, అక్కడి నుండి జుట్టు మొదలు వరకు ముఖాన్ని మూడు సమాన భాగాలుగా ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ లెక్కించాడు. వేళ్ళతో కింది భాగాన్ని కొలిచి అంతే దూరం కనుబొమల నడుమ నుండి పైకి కొలిస్తే అంచనా దొరుకుతుంది. ఇంట్లో యవ్వనం నాటి ఫొటో ఉంటే అదీ సాయపడుతుంది.

వెంట్రుక వాసి తేడా లేకుండా కొలవమని షరీఅత్ కోరలేదు. ముఖం పూర్తిగా తడిసిందన్న నమ్మకం కోసం హద్దుకు కాస్త పైవరకు కడిగితే చాలు. ఆపై భాగం తల, దానికి మస్‌హ్. మస్‌హ్‌కు జుట్టు ఉండనక్కరలేదు, నున్నటి చర్మం మీద తడిచేయి ఆడితే సరిపోతుంది. హనఫీ మతానుసారం తలలో నాలుగవ వంతు ఫర్జ్. తల ముందు నుండి మెడ వరకు చేతులు తీసుకువెళ్ళి మళ్ళీ ముందుకు తేవడం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) చూపిన ప్రవక్త (స) పద్ధతి. ఆయన (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు లీటరు లోపు నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. నల్లా నీటి కోసం ఎదురుచూసే మా గల్లీలలో ఇది మరీ గుర్తుంచుకోవలసిన మాట.

యువకులకు కూడా ఒక మాట చెప్పాలి. బట్టతలను దాచడానికి జిగురుతో ప్యాచ్ అంటించుకుంటున్నారు. వెంట్రుకలకు వెంట్రుకలు జోడించడాన్ని ప్రవక్త (స) వారించిన సంగతి అలా ఉంచితే, ప్యాచ్ అంచు పాత హద్దు దాటి నుదుటి మీదికి దిగితే ఆ మేరకు ముఖం తడవదు, వుజూ పూర్తికాదు. గుస్ల్‌లోనైతే నెత్తి చర్మానికి కూడా నీరు చేరాలి. బట్టతల సిగ్గుపడవలసినది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) హజ్రె అస్వద్‌ను ముద్దాడటం చూసిన ఒక సహాబీ ఆయనను ‘అస్లా’ అనే పేర్కొన్నట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

చాచా ఇరవై ఏళ్ళుగా అలవాటుగా కడిగింది నుదుటి పైవరకే. అదే సరైన హద్దు. ఆయన నమాజులలో ఒక్కటి కూడా తిరిగి చేయనక్కరలేదని చెప్పాము. ఆయన టోపీ తీసి నెత్తి నిమురుకుంటూ కాసేపు మౌనంగా కూర్చున్నారు. తర్వాత “అల్‌హందులిల్లాహ్” అని లేచారు.

ఆ రాత్రి మాకే నిద్ర పట్టలేదు. ‘సాధారణంగా వెంట్రుకలు మొలిచే చోటు’ అన్నది అసలు పాఠం. పిల్లలకు సులువుగా ఉంటుందని ‘సాధారణంగా’ అన్న మాటను తీసేసి మేము కూడా ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చాము. పదేళ్ళ పిల్లవాడికి ఆ తేడా కనిపించదు. అరవై ఏళ్ళు వచ్చాక అదే అతణ్ణి వుజూఖానాలో తడిబట్టలతో కూర్చోబెడుతుంది. ఈ నెల నుండి మా తరగతిలో ఆ మాటను తిరిగి చేర్చాము. ఇంట్లో పిల్లలకు వుజూ నేర్పే తల్లిదండ్రులు కూడా అలాగే చేయాలని, బట్టతల వచ్చిన పెద్దలుంటే వారికీ ఈ మాట చేరవేయాలని కోరుతున్నాము.