కరువు ఆకాశం నుంచి ఊడిపడదు

దసరా పోయి దీపావళి వచ్చేసరికి మన కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళలో ఇళ్ళకు తాళాలు పడటం మొదలవుతుంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు దీన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీయడానికి మూటాముల్లె సర్దుకుని పిల్లాజెల్లాతో లారీ ఎక్కుతారు. ఊళ్ళో ముసలీముతకా మిగులుతారు. ఎందుకు పోతున్నారయ్యా అని అడగండి, "వానల్లేవు, ఏం చేసేది?" అంటారు. ఆ మాట సగమే నిజం.

వాన కురవకపోవడం అనావృష్టి. కరువు వేరు. వాన ముఖం చాటేస్తే ముప్పై ఎకరాల ఆసామి చేనూ ఎండుతుంది, మీ రెండెకరాల చేనూ ఎండుతుంది. కానీ ఆసామి ఇంటికి తాళం పడదు. మీ ఇంటికే ఎందుకు పడుతుంది? ఆలోచించండి.

మన పెద్దలు చెప్పిన ధాత కరువునే తీసుకోండి. ధాత నామ సంవత్సరం, అంటే 1876లో వానలు పోయాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తిండిగింజల ధరలు రెండింతలు, మూడింతలు పెరిగాయి. అయితే దేశంలో గింజలు లేవా? ఉన్నాయి. బెంగాల్ నుంచి ఓడల్లో మద్రాసుకు వచ్చాయి, అక్కణ్ణుంచి రైళ్ళలో కరువు జిల్లాలకూ వచ్చాయి. 1877లో ఈ దేశం నుంచి ఇంగ్లండుకు సుమారు 3 లక్షల టన్నుల గోధుమలు ఎగుమతి కూడా అయ్యాయి. లేనిదల్లా కూలివాడి చేతిలో డబ్బు. చేలో పని లేదు, పని లేక కూలి లేదు, కూలి లేక కొనే దారి లేదు.

సర్కారు ఏం చేసింది? వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణాకు దించాడు. పౌను అంటే 450 గ్రాములు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు గానీ, ఆ లోపల జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఊళ్ళు విడిచి పట్టణాలకు, పనుల క్యాంపులకు నడిచిన జనాన్ని దారిలో కలరా, మశూచి పట్టుకున్నాయి. కరువులో అధికమాసం అన్నట్టు, ఆకలికి వలస తోడైంది. 1871 నుంచి 1881 లోపల కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. తమిళ జిల్లాల నుంచి జనం పెద్ద ఎత్తున సింహళం కాఫీ తోటలకు ఓడలెక్కారు.

ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ తేల్చింది కూడా ఇదే. వానలు పోతే ముందు పోయేది కూలిపని, కాబట్టి సర్కారు ముందు పెట్టాల్సింది పని అని.

ఇప్పుడు అలా ఆకలిచావులు లేవు. చౌక బియ్యం ఉంది, బస్సులున్నాయి. కానీ కరువు నడిచే దారి మాత్రం మారలేదు. మొదట షావుకారు దగ్గర అప్పు. తర్వాత మేత లేక ఎడ్లను అగ్గువకు అమ్మడం. తర్వాత బంగారం తాకట్టు. ఆపైన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు. చివరికి తాళం. వలస అనేది ఈ దారిలో ఆఖరి మెట్టు. మీరు ఆదుకోవాలన్నా, అడగాలన్నా మొదటి మెట్టు దగ్గరే అడగాలి.

2005లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న దాన్ని మొదలుపెట్టింది ఎక్కడో కాదు, మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పని అడగడం భిక్ష కాదు, హక్కు అని ఆ రోజు రాసుకున్నారు. పథకాల పేర్లు, నిబంధనలు మారవచ్చు. అడగాల్సిన అవసరం మారదు.

అందుకే ఒక మాట. ఆగస్టులో పైరు వాడుముఖం పట్టినప్పుడే నలుగురూ కలిసి గ్రామసభలో పని కోసం కాగితం పెట్టండి, రసీదు తీసుకోండి. చెరువు పూడిక, చేనుగట్లు, పశువుల తొట్లు, ఏ పని కావాలో మీరే చెప్పండి. కూలి ఆలస్యమైతే అది కూడా కాగితం మీద రాయండి. ఉన్నదంతా పత్తి వేయకుండా అరెకరం జొన్నో కొర్రో ఇంటికి, చొప్ప ఎడ్లకు ఉంచుకోండి. పోక తప్పకపోతే బడికిపోయే పిల్లల్ని మాత్రం అవ్వాతాతల దగ్గరో, హాస్టల్లోనో వదలండి.

కరువు మండలమని ప్రకటన వచ్చి, పనులు మంజూరయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. అప్పటికి ఇంటికి తాళం పడి ఉంటే, వచ్చిన పని ఎవరు చేయాలి?