సగం వయల్ సంగతి: డాక్టర్ కుమార్ ప్రభాష్ గారికి బహిరంగ లేఖ

డాక్టర్ గారూ,

తల, మెడ క్యాన్సర్ల మీద ముంబయి టాటా మెమోరియల్‌లో మీరు, డాక్టర్ విజయ్ పాటిల్, డాక్టర్ వనితా నొరోన్హా, మీ సహచరులు చేసిన పని మా శ్రీకాకుళం వైపు చాలామందికి తెలియదు. నిజానికి అది ముందు తెలియాల్సింది మాకే. అందుకే తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఒక విన్నపం కూడా ఉంది.

నివోలుమాబ్ ఇంజెక్షన్ గురించి మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మన రోగనిరోధక కణాలకు పీడీ-1 అనే కళ్లెం ఉంటుంది. దాన్ని కనిపెట్టిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ ఆ కళ్లేన్ని బిగించి తప్పించుకుంటుంది, ఈ మందు దాన్ని వదులు చేస్తుంది. ముదిరిన తల, మెడ క్యాన్సర్‌లో ఇది ఆయుష్షు పెంచుతుందని 2016లోనే తేలింది. కానీ అది తేల్చిన పరీక్షలో కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున, రెండు వారాలకోసారి ఎక్కించారు. అరవై కిలోల మనిషికి ప్రతిసారీ 180 మిల్లీగ్రాములు. ఆ ఖర్చు మన దేశంలో నూటికి ఎందరు భరించగలరో మీరు రోజూ మీ ఓపీలో చూస్తూనే ఉన్నారు.

మీరు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. ఇంత చిన్న మోతాదుకే ఆ కళ్లెం చాలావరకు మందు చేతిలోకి వస్తుందని తొలి పరీక్షల్లోనే కనిపించింది. అయినా దాన్ని పట్టుకుని రోగుల దగ్గరకు రావడానికి ధైర్యం కావాలి. 151 మంది రోగులు. అందరికీ ఇంట్లోనే వేసుకునే మాత్రలు: వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్. సగం మందికి వాటితోపాటు ఈ 20 మిల్లీగ్రాములు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మాత్రలే తీసుకున్నవాళ్లలో 16.3 శాతం, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో 43.4 శాతం. ఈ పరీక్షలో పూర్తి మోతాదుతో మీరు దీన్ని పోల్చలేదు, రెండూ సమానమని అనలేదు. ఆ నిజాయితీ వల్లే మీ మాట మీద నాకు నమ్మకం.

మధ్యస్థ లెక్కన చూస్తే 6.7 నెలల ఆయుష్షు 10.1 నెలలైంది. మూడున్నర నెలల కోసం ఇంత హడావిడా అని ఒకాయన నాతో అన్నాడు. మా పిన్నిని చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఆమెది సముద్రం ఒడ్డున ఊరు. ఆ ఊళ్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు, అడ్డపొగ అంటారు. 1960లలో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు మా జిల్లాలో పదివేల మందికి పైగా నోళ్లు తెరిపించి చూసింది ఈ అలవాటు గురించే. పిన్నికి అంగిట్లో పుండు లేచింది, కోశారు, తిరగబెట్టింది. ఇంజెక్షన్ పేరు, ధర రాసిన చీటీని బాబాయి మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఊసు ఇంట్లో మళ్లీ ఎవరం ఎత్తలేదు. మీ ఫలితాలు రాకముందు మాట ఇది. ముక్కులో పైపు నుంచి రాగిజావ పోస్తుంటే పిన్ని పలక మీద రాసి అడిగేది, మనవరాలి పుష్పవతి ఫంక్షన్ ఎప్పుడని. అది మూడు నెలల తర్వాత జరిగింది, ఆమె లేకుండా.

ఇక విన్నపం. నివోలుమాబ్ చిన్న వయల్‌లో 40 మిల్లీగ్రాములు ఉంటుంది. మీ మోతాదు అందులో సగం. తెరిచిన వయల్‌ను ఇంకో రోజుకు దాచకూడదు. అంటే ఒకే పూట ఇద్దరు రోగులు వస్తేనే మీరు తగ్గించిన ఖర్చు పూర్తిగా తగ్గుతుంది. మీ దగ్గర రద్దీ ఎక్కువ, జత దొరుకుతుంది. చిన్న ఊరి ఆసుపత్రిలో ఒక్కరే వస్తే, సగం మందు పారబోసి ఆ డబ్బు కూడా ఆ రోగి దగ్గరే వసూలు చేయాలి. మీ పరిశోధన మా దాకా రాకుండా ఆగిపోయేది ఇలాంటి చోటే.

విశాఖ అగనంపూడిలో మీ సంస్థదే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఉత్తరాంధ్ర తల, మెడ రోగులకు ఈ ఇంజెక్షన్ కోసం అక్కడ వారంలో ఒక రోజు కేటాయించండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వాసుపత్రుల నుంచి పేర్లు ముందుగా తీసుకుని ఇద్దరిద్దరిని జత చేయించండి. మాత్రలు ఎలా వేసుకోవాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో తెలుగులో ఒక కాగితం అచ్చు వేయించండి. ఇది జబ్బును నయం చేసే మందు కాదని, కొన్ని నెలలు ఇచ్చే మందని కూడా అందులో దాచకుండా రాయండి. ఆరోగ్య పథకాలు నడిపే మన రెండు తెలుగు రాష్ట్రాల అధికారులకు మోతాదు, వయల్ లెక్క మీరే స్వయంగా వివరించండి. మావంటివాళ్లు చెబితే వినకపోవచ్చు, మీరు చెబితే వింటారు.

రోజు ఖాయం చేస్తే చాలు. ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి వచ్చేవాళ్లకు ఆ సంగతి ఊరూరా చెప్పే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రోగి బంధువు