తల పాక్, గల్లీ నాపాక్

మొన్న జుమ్మా ఘుస్ల్‌కి మొదటిసారి షాంపూ బార్ వాడాను. ఏఎస్ రావు నగర్‌లో కొన్నాను. తడి జుట్టు మీద నాలుగుసార్లు రుద్దితే నురగ వచ్చింది. మా బోరు ఖారా నీళ్లకి మామూలు సబ్బైతే జుట్టుకి జిగటగా పట్టేస్తుంది. ఇది పట్టలేదు.

"తౌబా! బిళ్లతో తల కడుగుతారా జీ? ఇంగ్రేజోళ్ల షౌఖు!" అంది బేగం.

షాంపూ మాటే మన చాంపీ ఖాందాన్‌ది. పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్ బ్రైటన్‌లో చాంపీ హమామ్ నడిపి, బాద్షా నాలుగో జార్జ్ దాకా వెళ్లాడు.

నా ఫిక్ర్ వేరే. సీసా షాంపూలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లు మొయ్యడానికి ప్లాస్టిక్! సాచెట్ అయితే ఇంకా ఖరాబ్. పొరల మీద పొరలు, రీసైకిల్ చెయ్యడం ముష్కిల్. చించి పారేస్తే మోరీలోకి, అక్కడి నుంచి నాలాలోకి. వానొస్తే అదే నీళ్లు మన గడపకి వాపస్.

హలాల్ ముద్ర కోసం ప్యాకెట్ తిప్పితిప్పి చూస్తాం. ఖాళీ ప్యాకెట్ ఎటు పోతుందో చూడం. ఇస్రాఫ్ మీద బయాన్ విని "సుబ్‌హానల్లాహ్" అంటాం, ఇంటికొచ్చి ఇంకోటి చించుతాం.

బార్ మహెంగా అంటారా? సహీ. అమ్మీ వాడిన రీఠా, సీకాకాయ ఉన్నాయిగా! వాటికి సీసా లేదు, సాచెట్ లేదు.

బిరాదరాన్, తల పాక్ చేసుకుని గల్లీని నాపాక్ చేసే ఇజాజత్ మనకెవరిచ్చారు?