పదికి పది ‘మేము’లు



గత వేసవిలో భద్రాచలం వైపు అడవి అంచు పల్లెలో సెలవుల బైబిలు బడి జరిపినప్పుడు, ఇంటి పనిని గురించి పది వాక్యములు వ్రాయమని పిల్లలతో చెప్పాము. అయిదవ తరగతి చదివే ఒక కోయ పాప తునికాకు సేకరణను గురించి వ్రాసింది. మేము పొద్దున లేచాము. మేము అడవికి వెళ్ళాము. మేము ఆకు కోశాము. మేము కట్టలు కట్టాము. ఇలా పదికి పది! ఎర్ర కలము తీసికొని ‘మేము’లన్నిటినీ కొట్టివేసి, “ప్రతి వాక్యమూ ఒకేలా మొదలుపెట్టకూడదమ్మా” అన్నాము. మరునాడు ఆ బిడ్డ తెల్ల కాగితమే ఇచ్చింది.

తప్పు మాదే. ఆమె ఇంటి భాష కోయ. తెలుగు బడిలో నేర్చుకొన్నది. కొత్త భాషలో ఒకసారి సరిగా కుదిరిన వాక్యము, వాగు మీద వేసిన దుంగ వంటిది. భయముతో దాటే పసివాళ్ళు కాలు మళ్ళీ మళ్ళీ అక్కడే వేస్తారు. మేము దుంగను లాగివేశామే గాని మరొక దారి చూపలేదు.

కాగితము ప్రక్కన పెట్టి, “నిన్న ఏమి జరిగిందో నోటితో చెప్పమ్మా” అన్నాము. “చీకటి ఉండంగనే అమ్మ లేపింది. దారిలో ఎలుగుబంటి అడుగులు కనబడ్డయి. యాభై ఆకులు లెక్కబెట్టి కట్ట కట్టాలె. కల్లం కాడ ఎండ మండిపోయింది.” ఒక్కటైనా ‘మేము’తో మొదలు కాలేదు! ఎవరూ నేర్పకుండానే నోటికి వచ్చినది, కలము పట్టేసరికి బిగుసుకొనిపోయింది.

తెలుగులో ‘వెళ్ళాము’ అంటే చాలు, వెళ్ళినది ఎవరో తెలిసిపోతుంది. కోయలోనూ క్రియ చివరనే ఆ గుర్తు ఉంటుంది. ఇంగ్లీషులో అలా కాదు, కర్తను చెప్పి తీరవలెను. ఇంగ్లీషు మీడియం పిల్లల తెలుగులో అడుగడుగునా ‘నేను’ కనబడుటకు ఇదొక కారణమని మా అనుమానము.

ఇంట్లో వంట చేస్తూ కూడా ఈ ఆట ఆడించవచ్చును. “నిన్న అమ్మ అడవిలో ఆకు కోసింది” అని ఒక వాక్యము ఇవ్వండి. ఎక్కడ జరిగిందో ముందు చెప్పమంటే, “అడవిలో నిన్న అమ్మ ఆకు కోసింది” అంటారు. ఆకు సంగతి ముందు చెప్పమంటే, “ఆకు నిన్న అడవిలో అమ్మే కోసింది” అంటారు. ఆ ‘అమ్మే’ ఎందుకు వచ్చిందని అడిగి చూడండి, పిల్లలు మనకంటే బాగా చెబుతారు. అయితే ‘మేము’ పోయి ‘తరువాత, తరువాత’ అని వరుస పెడితే వచ్చిన లాభము లేదు.

మన సంఘపు పిల్లలకు ‘మరియు’ మరొక అలవాటు. అది ఎక్కడిదో తెలిసినదే! హెబ్రీ మూలములో ఆదికాండము మొదటి అధ్యాయపు 31 వచనములలో మొదటిది తప్ప తక్కిన 30 వచనములూ ‘మరియు’ అనే అర్థమిచ్చే వావ్ అక్షరముతోనే మొదలవుతాయి. ఆ భాషలో కథ నడిచే తీరు అది. 119వ కీర్తనలోనైతే 22 భాగములు, భాగమునకు 8 వచనములు. ఒక్కొక్క భాగములోని ఎనిమిదీ ఒకే హెబ్రీ అక్షరముతో మొదలవుతాయి. అది కావాలని కూర్చినది. కాబట్టి ఒకే మొదలు ఎప్పుడూ తప్పేనని పిల్లలకు చెప్పకండి. కావాలని పెట్టావా, దానంతట అదే వచ్చిందా అని అడగండి.

ఈ మాట మాకూ వర్తిస్తుంది. ఒక ఆదివారము ఇంటికి రాగానే మా ఇంటివారు, “ఏవండీ, ఈ రోజు ‘ప్రియులారా’ ఇరవై ఏడు సార్లు” అన్నారు. ఈ పుటలో ‘మేము’లు కూడా లెక్కపెట్టే ఉంటారు.

బడి ముగిసే రోజున ఆ పాప మళ్ళీ వ్రాసి తెచ్చింది. పది వాక్యములలో ‘మేము’ ఒక్కచోటే, చిట్టచివర మిగిలింది: మేము నూట ఇరవై కట్టలు కట్టాము. మేము జేబులో చెయ్యి పెట్టడము చూచి, కలము కోసమేననుకొని, కాగితము వెనక్కు లాక్కొన్నది.

“అది కొట్టెయ్యకండి అయ్యగారూ. అవి మేమే కట్టినం.”