మనవాళ్లకైతే ఇస్తారట!

"మనవాళ్లకి అవసరమైతే ఇస్తాం గానీ, ఊరికే ఎందుకండీ?" రక్తదానం మాట ఎత్తితే చదువుకున్నవాళ్లు కూడా చెప్పే జవాబిది. సూదంటే భయపడేవాడికి నచ్చజెప్పొచ్చు. ఈ మాట మాత్రం పైకి బాధ్యతగా వినిపిస్తుంది. అందుకే నాకు దీనితోనే పేచీ.

ఒంట్లో దాచుకుంటే నిలవుండే సరుకు కాదు రక్తం. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఇచ్చినా ఇవ్వకపోయినా అది పోవలసిందే, ఎముకల మూలుగలో కొత్తది పుట్టవలసిందే. తీసేది 350 మి.లీ., 55 కిలోలు దాటినవాళ్ల దగ్గర 450 దాకా. అందులో ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అయిపోతుంది. కణాలకు కొన్ని వారాలు పడుతుంది కాబట్టే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగి మళ్లీ ఇవ్వాలన్నారు.

సరే, మనవాళ్లకే ఇద్దామనుకుందాం. మా పెద్దమ్మ ఆపరేషనప్పుడు ఆసుపత్రివాళ్లు ఇద్దరు డోనర్లను తెచ్చుకోమన్నారు. నలుగురం బయల్దేరాం. మా బావకి కుక్క కరిచి నెల కాలేదు, టీకాలు నడుస్తున్నాయి. ఏడాది దాకా రావద్దన్నారు. తమ్ముడి దగ్గర రాత్రి పెళ్లిలో తాగిన వాసన ఇంకా వదల్లేదు. వదిన వేలి నుంచి తీసిన చుక్కని మైలుతుత్తం నీళ్లలో వేస్తే మునగకుండా తేలింది. అంటే హిమోగ్లోబిన్ 12.5 లేదు. మిగిలింది నేనొక్కణ్ణే, అదీ పొద్దుట్నుంచీ టీ తప్ప ఏమీ తినకుండా! క్యాంటీన్లో నాలుగిడ్లీలు తినొచ్చి పడుకున్నాను.

ఇంతకీ ఆ రోజు పెద్దమ్మకి ఎక్కించింది నా రక్తం కాదు. నాది ఇంకా హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు దాటాలి. అంతకుముందే ఎవరో ఇచ్చిపోయిన సంచులు ఫ్రిజ్‌లో ఉన్నాయి కాబట్టి ఆమె బతికింది. నాది వాటి బదులు జమ, అంతే.

దగ్గరి చుట్టం రక్తమే మంచిదన్న నమ్మకం ఇంకొకటి. అరుదుగానైనా, రక్తసంబంధీకుల తెల్లకణాలు రోగి ఒంట్లో తిష్ఠవేసి ఆ ఒంటిమీదే తిరగబడతాయి. అందుకే అలాంటి రక్తాన్ని రేడియేషన్ పెట్టి ఎక్కించాలంటారు. పైగా నలుగురు చుట్టాల మధ్య నిలబెట్టి అడిగితే, చెప్పుకోలేని సంగతులు ఎవరు చెబుతారు? దాచితే ముప్పే, కొత్తగా సోకిన జబ్బు కొన్నాళ్లపాటు పరీక్షకు దొరకదు. సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 నుంచి రక్తం అమ్ముకోవడం నిషిద్ధం. అయినా "చుట్టం" వేషంలో డబ్బుకొచ్చేవాడికి దారి తెరిచేది ఈ బదులు పద్ధతే.

తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి ఎక్కించాలి. వాళ్ల అమ్మానాన్నలు ప్రతిసారీ ఎంతమంది చుట్టాలను వెంటేసుకుని తిరగాలి? మే నెలొస్తే కాలేజీలకు సెలవులు, అక్కడ క్యాంపులుండవు. పిల్లల జబ్బుకి సెలవుల్లేవు.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఉపవాసంతో వెళ్లకండి, ఇదేం వ్రతం కాదు. శుభ్రంగా టిఫిను తిని, రెండు గ్లాసుల నీళ్లు ఎక్కువే తాగండి. వయసు 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలుండాలి. ఏడాదిలోపు పచ్చబొట్టు వేయించుకుంటే దాచకుండా చెప్పేయండి. సూది చీమ కుట్టినట్టుంటుందనేవాళ్లని నమ్మకండి, అంతకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, ఒక్క క్షణం. తర్వాత చేతిలో స్పాంజి బంతి నొక్కుతూ, పక్కనే ఉయ్యాల ఊగే సంచిని చూస్తూ పది నిమిషాలు. కళ్లు తిరిగితే ఎక్కువగా లేచేటప్పుడే తిరుగుతాయి. జ్యూసిచ్చి పావుగంట కూర్చోమనేది అందుకే, మర్యాదకి కాదు. ఆ పూట ఆ చేత్తో గ్యాస్ బండ ఎత్తకండి.

మా బావకి టీకాలైపోయి ఏడాది దాటింది. మొన్న ఆదివారం క్యాంపుకి వస్తావా అని ఫోన్ చేశాను.

"ఎవరికి కావాలి?" అన్నాడు.